మేడింటి వంటింట్లో గిన్నెలు కడిగే మిషను

ఈ మధ్య ప్రొద్దుటూరులో మా పాత అంగడికి రెండు సందుల అవతల ఒక ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. ఫ్రిజ్జులు, ఏసీలు, వాషింగ్ మిషన్లు బాగుచేయడం నేర్పుతారు. అక్కడ చేరినవాళ్ళతో ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచారు. ఒకమ్మాయి లేచి, "సార్, మీరు చేసిన రిపేర్లలో అన్నిటికంటే కష్టమైంది ఏది?" అని అడిగింది. మొదలుపెట్టాను గానీ గంటలో సగమే చెప్పగలిగాను. ఆ సగమూ, మిగిలిన సగమూ ఇక్కడ రాస్తున్నాను.

నలభై ఏళ్ళకు దగ్గరగా నేను ఇళ్ళల్లో మోటార్లూ మిషన్లూ బాగుచేశాను. ప్రొద్దుటూరులో అంగడి, జమ్మలమడుగులో ఇల్లు, పులివెందుల దాకా తిరుగుడు. నా పేరు దేవదానం. అందరూ దానం అంటారు.

ఉస్తాద్

నాకు పని నేర్పింది మస్తాన్ సాయిబు. మోటారు వైండింగులో, అంటే కాలిన తీగ తీసి కొత్తది చుట్టడంలో, ఆయన చేయి పడితే చచ్చిన మోటారు లేచి కూర్చునేది. నేను ఆయన దగ్గర చేరేనాటికే ఆయన గడ్డం తెల్లబడింది. చెవి దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి, దాని రెండో కొన మోటారుకు ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. "బేరింగ్ ఏడుస్తాంది" అనేవాడు. విప్పి చూస్తే బేరింగే.

ఆయన గొప్పదనంతో పాటు ఆయన లోపం కూడా చెప్పాలి. 'నాకు తెలీదు' అనే మాట ఆయన నోట్లోంచి వచ్చేది కాదు. తెలియని మిషను వస్తే దాన్ని తిట్టేవాడు, తయారుచేసినవాణ్ణి తిట్టేవాడు, తెచ్చినవాణ్ణి కూడా తిట్టేవాడు. ఆయన పనితనం నాకు సగమే అబ్బింది. ఆ గుణం మాత్రం పూర్తిగా అబ్బింది. ఈ కథలో నేను చేసిన తప్పుకు మూలం అదే.

చదవని రేకు

అవి మా వైపు ముఠాల రోజులు. ఊరికి రెండు ఇళ్ళు, రెండు జీపులు, రెండు పార్టీలు. ముద్దనూరు నుంచి పులివెందుల పోయే దారిలో ఒక ఊళ్ళో మేడింటివాళ్ళు, తోటింటివాళ్ళు అని రెండు కుటుంబాలు ఉండేవి. ఆ రెండిళ్ళ మధ్య తగువులో పోయినవాళ్ళలో రెడ్లకంటే జీపు డ్రైవర్లూ కూలివాళ్ళూ ఎక్కువ. ఆ రోజుల గురించి ఇప్పుడు కొందరు మీసం మెలేసి చెప్తుంటారు. నేను ఆ ఇళ్ళ వెనక వాకిళ్ళు చూసినవాణ్ణి. మెలేయడానికి అక్కడ ఏమీ లేదు.

ఒక రోజు పొద్దున మేడింటి జీపు మా అంగడి ముందు ఆగింది. ఉస్తాద్‌కు జ్వరం. నేనే పోయాను.

మేడింటి రెడ్డి ఇంట్లో లేడు. ఆయన భార్య నాగలక్షుమ్మ నన్ను వెనక వాకిలి నుంచి వంటింటి గడప దాకా తీసుకుపోయింది. ఆ ఇంట్లో రోజూ పూటకు అరవై డెబ్భై మంది తినేవాళ్ళు. కాపలా వాళ్ళు, అనుచరులు, పంచాయితీలకు వచ్చినవాళ్ళు. బావి గట్టున స్టీలు పళ్ళేలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. అన్నిటికీ ఎండిన రాగి సంగటి. ఎండిన సంగటి సిమెంటు కంటే గట్టిదని మా వైపు ఎవరినడిగినా చెప్తారు.

"కడిగేటోళ్ళు ఇద్దరుండ్రి అప్పా. ఈ ఇంట్లో పని చేస్తే తోటింటోళ్ళు ఏమన్నా చేస్తారని భయపడి మానేసిరి" అంది నాగలక్షుమ్మ. ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో పగిలి ఎర్రగా ఉన్నాయి. ఊరు ఊరంతా వణికే ఇంటి యజమానురాలు రోజుకు నూటయాభై పళ్ళేలు తోముతోంది.

వంటింటి మూలలో ఉంది మిషను. తెల్లటి ఇనప పెట్టె, నడుమెత్తు. ముందు తలుపు కిందికి వాలుతుంది. లోపల పళ్ళేలు నిలబెట్టడానికి తీగల అరలు, కింద నీళ్ళు చిమ్మే రెక్క. తలుపు మీద గుండ్రటి మీట. జమ్మలమడుగులో క్రైస్తవ ఆస్పత్రి తెల్లదొరల బంగళా ఖాళీ చేసినప్పుడు సామాన్లు వేలం వేస్తే రెడ్డి ఈ మిషను కొని ట్రాక్టరులో వేయించుకొచ్చాడట. వచ్చిన రోజు నుంచి ఎవరికీ దాన్ని నడపడం తెలియక అట్లాగే పెట్టేశారు.

"ఇట్లాంటివి నీకు తెల్సా?" అని అడిగింది.

నేను అంతకు ముందు గిన్నెలు కడిగే మిషన్ను కంటితో చూడలేదు. "తెలుసమ్మా, శానా చూసినా" అన్నాను.

మిషను వెనక ఒక చిన్న రేకు ఉంది. దాని మీద ఎన్ని వోల్టుల కరెంటు కావాలో రాసి ఉంటుంది. వంగి ఆ రేకు చదవడానికి అర నిమిషం చాలు. ఆమె చూస్తూ ఉంది గదా, తెలిసినవాడిలా కనపడాలని నేను వంగలేదు. ప్లగ్గు మార్చి, గోడకు పెట్టి, మీట తిప్పాను. గుయ్యిమని ఒక్క అరుపు అరిచింది. ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయింది. మీట వెనక నుంచి సన్నగా పొగ వచ్చింది.

అది అమెరికా మిషను. మన కరెంటులో సగం మీద నడిచేది.

నేను మొహం ఏమీ మార్చకుండా, "ఇది ఎప్పుడో కాలిపోయినట్టుందమ్మా. లోపల టైమరు పోయింది" అన్నాను. ఆమె పళ్ళేల దగ్గరికి పోయి కూర్చుని, కొబ్బరి పీచు తీసుకుంది.

అబద్ధం అరగలేదు

ఆ రోజు జమ్మలమడుగు బస్సెక్కి ఇల్లు చేరాక అన్నం ముందు కూర్చున్నాను. మా అమ్మ సుగుణమ్మ వడ్డిస్తోంది. ఆమె ఆ దొరల బంగళాలో, అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ దగ్గర, ఇరవై ఏళ్ళకు పైగా వంటింటి పని చేసింది. నేను హాస్టల్లో చదువుకున్నవాణ్ణి. ఆ వంటింట్లోకి నేనెప్పుడూ పోలేదు.

మిషను సంగతి చెప్పాను, పొగ సంగతి తప్ప. అమ్మ గరిటె అట్లాగే పట్టుకుని ఆగింది.

"తెల్లదా? ఎడమ పక్క మూల చొట్ట ఉందా?"

"ఉంది."

"అది నా మిషనే! ఆ చొట్ట నేను కుంపటి తగిలించి పెట్టింది. డాక్టరమ్మ ఒక్క మాట అనల్యా. మరి దాని నల్ల పెట్టె యాడుంది?"

"ఏం నల్ల పెట్టె?"

"కరెంటు పెట్టె. ఇద్దరు మోస్తే గానీ లేవదు. ఆ పెట్టె లేకుండా వైరు పెడితే మాడిపోతాదని డాక్టరమ్మ నాకు మొదటి రోజే చెప్పె." అమ్మ నా మొహం చూసింది. "నువ్వు పెట్టినావా?"

నేను అన్నం కలుపుతూనే "పెట్టినా" అన్నాను.

"ఆమెకు చెప్పినావా?"

"లేదు."

"రేపు పోయి చెప్పు."

"అది మేడిల్లు మా. నాటు బాంబులు చుట్టే ఇల్లు."

"గిన్నెలు తోమేది బాంబులు కాదు గదా, ఆమె గదా" అంది అమ్మ.

మర్నాడు ముద్దనూరు దాకా బస్సులో పోయి, అక్కడ నుంచి అద్దె సైకిలు తొక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అల్లుకున్నాను. తీరా నాగలక్షుమ్మ ఎదురుగా నిలబడితే అన్నీ మర్చిపోయాను.

"అమ్మా, మిషను ముందే కాలిపోయింది కాదు. నేనే కాల్చినా. రేకు చదవకుండా వైరు పెట్టినా. నిన్న అబద్ధం చెప్పినా."

వాకిట్లో తుపాకి పక్కన పెట్టుకుని బీడీ తాగుతున్న మనిషి తల ఎత్తి చూశాడు. నాగలక్షుమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమనుకున్నాను. ఆమె నవ్వుతోంది.

"ఈ ఇంట్లో అబద్ధాలు చెప్పేటోళ్ళు పూటకు డెబ్భై మంది తింటాండారప్పా. చేసిన తప్పు చెప్పుకోను సైకిలు తొక్కుకొని వచ్చినోడు నువ్వొకడివే. కూచో, మజ్జిగ తాగు."

మన కరెంటును సగానికి తగ్గించే ఆ నల్ల పెట్టె, అంటే ట్రాన్స్‌ఫార్మర్, గురించి అడిగాను. ఆమె ఇటూ అటూ చూసి, మెల్లగా తన ఊరగాయ జాడీల వైపు నడిచింది. మూడు జాడీల కింద పీటలాగా ఉన్నది అదే.

పిల్లలూ, మీకు ఒక మాట. మన పనిలో అందరూ తప్పులు చేస్తారు. నేను ఇంతకంటే పెద్దవి కూడా చేశాను. తప్పు ఒప్పుకున్న ఇంటివాళ్ళు మళ్ళీ మళ్ళీ పిలిచారు. దాచిపెట్టిన ఇళ్ళకు మాత్రం నేనే మొహం చెల్లక పోలేదు.

ఉస్తాద్ నోట ఆ మాట

ఫ్యూజు ముందే ఎగిరిపోవడం వల్ల పెద్ద మోటారు బతికింది. పోయింది మీట వెనక ఉండే టైమరు మోటారు, నిమ్మకాయంత వస్తువు. కడగడం, నీళ్ళు వదలడం, మళ్ళీ కొత్త నీళ్ళు పట్టడం, ఇవన్నీ వరసగా మార్చేది అదే. దాన్ని ఉస్తాద్ దగ్గరికి తెచ్చాను. ఆయన కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. లోపలి తీగ వెంట్రుక కంటే సన్నం. చుట్టిన ప్రతిసారీ తెగింది. మూడో రోజు అద్దం పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

"దానం, ఇది నాకు రాదు. నాకు తెల్దు."

ఆ మాట అన్నాక ఆయన ముఖం ఎంత తేలికపడిందో చెప్పలేను. టీ తెప్పించి, తనే ముందు నవ్వి, "ఈ మాట ముప్ఫై ఏండ్ల ముందే అని ఉంటే శానా నిద్రలు మిగిలేటివి" అన్నాడు.

టైమరు లేకపోతే మీట చేత్తో తిప్పాలి. అంతే గదా అనుకున్నాను. ఎన్ని నిమిషాలకు తిప్పాలో అమ్మకు తెలుసు. ఆమె చదువుకోలేదు గానీ ఆ మిషను చప్పుళ్ళు పాటలాగా కంఠతా వచ్చు.

మిగతా పని నాకు తెలిసిందే. మా వైపు బోరు నీళ్ళల్లో సున్నం ఎక్కువ. నీళ్ళు చిమ్మే రెక్కకున్న రంధ్రాలన్నీ గట్టిగా పూడిపోయాయి. చింతపండు పులుసు మరగబెట్టి రాత్రంతా నానబెట్టించి, సూదితో ఒక్కొక్కటీ తెరిచాను. తలుపు చుట్టూ రబ్బరు పెళుసైపోయి ముక్కలుగా రాలింది. ఎర్రగుంట్లలో పంక్చరు అంగడికి పోయి, లారీ ట్యూబు కోయించి, కొత్త అంచు వేశాను.

అన్నీ బిగించి, నల్ల పెట్టె మీద వైరు పెట్టి, పళ్ళేలు సర్ది, గుడ్డల సబ్బు పొడి ఒక గుప్పెడు వేసి తిప్పాను. మిషను హాయిగా తిరగడం మొదలుపెట్టింది. నాగలక్షుమ్మ చేతులు జోడించింది. రెండు నిమిషాలకు తలుపు సందుల్లోంచి నురగ వచ్చింది. చీలమండల దాకా వచ్చింది. గడప దాటి వాకిట్లోకి నడిచింది. బీడీ మనిషి తుపాకి ఎత్తుకుని అరుగెక్కాడు. ఆపి, తలుపు తెరిచి చూస్తే, సంగటి పళ్ళేలకు అట్లాగే ఉంది.

"ఇంగ మీ అమ్మనే పిల్చుకొని రా" అంది నాగలక్షుమ్మ, మోకాళ్ళ దాకా చీర పట్టుకుని నవ్వుతూ.

అమ్మ వచ్చింది

అమ్మ గుడికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని వచ్చింది. మా వాళ్ళకు గుడి అంటే చర్చి. వెనక వాకిట్లోకి వచ్చి, వంటింటి గడప ఇవతల ఆగింది. ఆ రోజుల్లో అట్లాంటి ఇళ్ళల్లో మాలాంటివాళ్ళు అక్కడే ఆగేవాళ్ళు. నేను రిపేరుకని లోపలికి పోయేవాణ్ణి. చేతిలో పనిముట్టు ఉన్నంతసేపే ఆ అనుమతి.

"ఆడ నిలబడితే మిషను ఎట్ల కనపడతాది సుగుణమ్మా? లోపలికి రా" అంది నాగలక్షుమ్మ.

అమ్మ లోపలికి వచ్చింది. మిషను మీద చేయి పెట్టి, చొట్టను ఒకసారి తడిమింది. తర్వాత నేను సర్దిన పళ్ళేలు చూసి తల కొట్టుకుంది.

"ఒకదాని మొహం ఇంకోటి చూస్తాంటే నీళ్ళు యాడ తగుల్తాయిరా? అన్నీ ఒక పక్కకే తిరగల్ల. గ్లాసులు బోర్లా పెట్టల్ల. సబ్బు పొడి కాదు, చాకలి సోడా ఒక్క చెంచా. ముందు పళ్ళేలు నీళ్ళల్లో ముంచి తీయండి, సంగటి మెత్తబడనీ."

ఒక్కో పళ్ళెం అందుకుని సర్దుతోంది. ఒక వరుసలో నాలుగు ఖాళీలు మిగిలాయి. వెనక వాకిట్లో చూరు కింద విడిగా నాలుగు పళ్ళేలు ఉండేవి, మాలాంటివాళ్ళకు పెట్టేవి. నేను ఆ ఇంట్లో తిన్నది వాటిల్లోనే. అమ్మ వాటివైపు చూసి, "అవి కూడా తెమ్మంటావా అమ్మా? సగం ఖాళీతో తిప్పితే కరెంటు దండగ" అంది. ఏ ఉద్దేశమూ లేని గొంతుతోనే అంది. నేను మాత్రం మీట మీద నుంచి చేయి తీసేశాను.

నాగలక్షుమ్మ ఒక్క క్షణం చూరు వైపు చూసింది. తనే పోయి ఆ నాలుగూ తెచ్చి అమ్మ చేతికిచ్చింది.

మిషను తిరిగింది. అమ్మ కళ్ళు మూసుకుని వింటూ, "ఇప్పుడు" అన్నప్పుడల్లా నేను మీట తిప్పాను. చివరికి తలుపు తెరిస్తే ఆవిరి గుప్పుమంది. పళ్ళేలన్నీ అద్దాల్లాగా ఉన్నాయి. చూరు కిందవి ఏవో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ వాటిని వేరు చేయలేకపోయారు.

రాజీ భోజనం

అప్పుడే ఎన్నికలు వచ్చాయి. పైన ఎవరో ఎవరితోనో కలిశారు. తోటింటి రెడ్డి పార్టీ మారాడు. తీరా చూస్తే మేడింటి రెడ్డి, తోటింటి రెడ్డి ఒకే పార్టీలో తేలారు. ఒకే జెండా కింద ఓట్లడగాలంటే ముందు ఒక పంక్తిలో కూర్చుని తినాలని పెద్దలు చెప్పారు. మధ్యాహ్నం భోజనం మేడింట్లో పెట్టుకున్నారు.

మిషను దగ్గర ఉండడానికి నాగలక్షుమ్మ మా ఇద్దర్నీ పిలిపించింది. మీట తిప్పే నిమిషాలు తప్పకుండా ఆమె ఒక అలారం గడియారం కొనిపెట్టుకుంది. దాన్ని మిషను మీదే పెట్టేది.

మధ్య హాల్లో రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చున్నాయి. సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, కొన్నిచోట్ల బొబ్బట్లనే ఓళిగలు. ఎవరూ మాట్లాడడం లేదు. మేడింటి రెడ్డి ముద్ద మింగిన తర్వాతే తోటింటి రెడ్డి, విషం భయంతో, తన ముద్ద ఎత్తుతున్నాడు. గ్లాసులు తక్కువ పడడంతో ముందు తాగినవి తెచ్చి మేము మిషన్లో వేశాం. కడగడం ముగిశాక గ్లాసులు ఆవిరిలో ఆరడానికి మిషను ఆపి, అమ్మ గడియారానికి అలారం పెట్టింది.

గడియారం బోలు ఇనప పెట్టె మీద కూర్చుంది. మామూలుగా వినపడని టిక్కు టిక్కు ఆ పెట్టెలో పడి పెద్దదై, ఆ నిశ్శబ్దంలో హాల్లోకి పాకింది. తోటింటి మనుషుల్లో ఒకడు నమలడం ఆపాడు. ఇంకొకడు తల తిప్పాడు. నాకు అర్థమై గడియారం వైపు దూకేలోపలే అలారం మోగింది.

ఇనప పెట్టె మొత్తం గంటైపోయి మోగింది. హాల్లో పళ్ళేలు ఎగిరాయి. రెండు వరుసలూ లేచి నిలబడ్డాయి. చేతులు నడుముల దగ్గరికి పోయాయి. ఎవడో "బాంబు!" అని అరిచాడు. ఆ క్షణంలో ఒక్క చెయ్యి తొందరపడి ఉంటే ఈ కథ నేను ఇట్లా చెప్పేవాణ్ణి కాదు.

అప్పుడు నాగలక్షుమ్మ మోగుతున్న గడియారాన్ని రెండు చేతులా పట్టుకుని హాల్లోకి పరుగెత్తింది. ఆపే బొడిపె ఎక్కడుందో ఆ కంగారులో ఆమెకు దొరకడం లేదు.

"గడియారమప్పా! గిన్నెల గడియారం! కూచోండప్పా, ఓళిగలు సల్లారిపోతాండాయి!"

అలారం తనంతట తానే నీరసించి ఆగింది. ఎవరూ కూర్చోలేదు. తోటింటి రెడ్డి, అరవై దాటిన మనిషి, తన వాళ్ళను చేత్తో ఆపి, ఒక్కడే వంటింట్లోకి నడిచాడు. మా అమ్మను, నన్ను, మిషన్ను చూశాడు.

"ఏంది ఇది?"

అమ్మ తలుపు వాల్చింది. ఆవిరి ఆయన మీసాల దాకా పోయింది. ఆయన లోపల చేయి పెట్టి ఒక గ్లాసు తీసి, కాలి, ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత హాల్లోకి వినపడేట్టు గట్టిగా అన్నాడు.

"ఇన్నేండ్లూ ఈళ్ళ వంటింట్లో ఏమేమో తయారు చేస్తాండారని మనకు చెప్తాండ్రి గదరా! ఈళ్ళు గ్లాసులు కడుగుతాండారు!"

ముందు నవ్వింది మేడింటి రెడ్డి. పొట్ట పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. తర్వాత అందరూ. బీడీ మనిషి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఒలికిన సంగటికి బదులు మళ్ళీ వడ్డించారు. ఈసారి ఎవరూ ఎవరి ముద్ద కోసమూ ఆగలేదు. వెళ్ళేటప్పుడు తోటింటి రెడ్డి నా భుజం మీద చేయి వేసి, "దీన్ని మా ఇంటామె చూసిందంటే నాకు కూడు పుట్టదు. ఇట్లాంటిది ఇంగొకటి యాడన్నా ఉంటే చెప్పప్పా" అన్నాడు.

ఆ రాజీ ఎల్లకాలం నిలిచిందని నేను చెప్పను. రెండు ఎన్నికల దాకా నిలిచింది. ఆ తర్వాత మళ్ళీ పార్టీలు మారాయి, మళ్ళీ జీపులు తిరిగాయి. మిషను మాత్రం ఇంకా పదకొండేళ్ళు నడిచింది. నేను రెండిళ్ళకూ పోయేవాణ్ణి. ఒక ఇంట్లో విన్న మాట ఇంకో ఇంట్లో ఎత్తలేదు. ఈ పనిలో అది వైండింగు కంటే ముందు నేర్చుకోవాల్సిన విద్య.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. అన్నిటికంటే కష్టమైన రిపేరు ఆ మిషనే. అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది రిపేరు కాదు, ఆ మధ్యాహ్నం చివర.

అందరూ వెళ్ళిపోయారు. హాలు ఖాళీ. చివరి విడత పళ్ళేలు మిషన్లో తిరుగుతున్నాయి. నాగలక్షుమ్మ వంటింటి నేల మీద మూడు పళ్ళేలు పెట్టింది. అమ్మకు, నాకు, తనకు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక పనంతా ముగియక ముందే వేడన్నం ముందు కూర్చోవడం ఇదే మొదటిసారని చెప్పింది. మా అమ్మ ఎవరింట్లోనైనా పెట్టింది తిని, చాలమ్మా అని లేచే మనిషి. ఇంకాస్త కావాలని అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఓళిగ తింది. వేళ్ళు నాకింది. మిషను చప్పుడు ఒకసారి విని, ఇంకా టైముందన్నట్టు తల ఊపింది.

"లక్షుమ్మా, ఇంగొక ఓళిగ ఎయ్యి. నెయ్యి ఎక్కువెయ్యి" అంది.